1950: హైదరాబాద్ పోలీసుల బంతాట. మనం ఎందుకు చదవాలి?



ఇది కొంచెం పెద్ద పోస్టు. తీరిక చేసుకుని చదవండి, బస్సులో ఉంటే ఇంటికెళ్లాక చదవండి.

మనలో కోటబొమ్మాళిలో హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్లకి అక్కడి పొద్దుటి గ్రౌండ్ గుర్తుండే ఉంటుంది. ఐదున్నరకల్లా రెండు గుంపులు దిగుతాయి. ఒకటి పెద్దోళ్ల గుంపు. కానిస్టేబుల్ సెలక్షన్లకి పరుగు తీసేవాళ్లు. 1600 మీటర్లు, 100 మీటర్లు, లాంగ్ జంప్. చేతిలో ఫోను, ఫోనులో స్టాప్‌వాచ్. రెండోది చిన్న గుంటల గుంపు. వాళ్లకి ఒకటే బంతి. పైతోలు ఊడిపోయి, గాలి సగం పోయి ఉంటుంది. దాని వెనకాల ఇరవై మంది. పెద్దోళ్లు పరిగెత్తే దారిలోకి బంతి వస్తే తిట్లు. "ఒరే, పక్కకి పోండ్రా, మాకు ఉద్యోగాలు కావాలి" అని మేమే అరిచేవాళ్లం.

ఇప్పుడు చెప్పబోయే కథలో ఆ రెండు గుంపులూ ఒకటే. పోలీసు ఉద్యోగమూ, బంతాటా ఒకే జట్టులో కలిసిన కథ. ఆ జట్టు పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. సంవత్సరం 1950.

ఈ పోస్టు రాస్తామని చెప్తే మాలో ఒకడు వెంటనే అడిగాడు. "పోలీసోళ్ల గురించి మనమేటి రాస్తాంరా? మన తాతలకి పోలీసంటే ఏటో తెలీదా?" అని. న్యాయమైన ప్రశ్నే. దాన్ని దాటేసి వెళ్లిపోం. ముందు కథ చెప్పి, ఆ ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాం.

ఆ సంవత్సరం ఎలాంటిది

1950 అంటే మనకి మామూలు సంవత్సరం కాదు. జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లాని విడగొట్టి శ్రీకాకుళం జిల్లా చేశారు. సెప్టెంబరు 6న షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వు వచ్చింది. అంటే మన సర్టిఫికెట్ మీద 'ఎస్టీ' అని ఉండే ఆ రెండక్షరాలకి చట్టంలో పుట్టినరోజు అదే. సవర, జాతాపు, గదబ... మన పేర్లు దేశం కాగితం మీదకి అధికారికంగా ఎక్కిన ఏడాది.

అప్పటికి మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. హైదరాబాద్ వేరే రాష్ట్రం. అక్కడ నిజాం పాలన 1948 సెప్టెంబరులో సైనిక చర్యతో ముగిసింది. 1950 జనవరిలో వెల్లోడి అనే ఐసీఎస్ అధికారిని ముఖ్యమంత్రిగా పెట్టారు. ఊరు ఇంకా కుదుటపడలేదు. ఎవరి ఉద్యోగం ఉంటుందో, ఎవరిది పోతుందో తెలీని రోజులు. అలాంటి ఊరి నుంచి ఒక ఫుట్‌బాల్ జట్టు బయల్దేరి బొంబాయిలో ఒక కప్పు, ఢిల్లీలో ఒక కప్పు పట్టుకొచ్చింది. అదీ ఒక్క ఏడాదిలోనే.

జట్టు ఎలా పుట్టింది

ఈ జట్టు 1939లో మొదలైంది. అప్పటి పేరు సిటీ ఆఫ్ఘన్ పోలీస్. తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ అయ్యింది. పోలీసు శాఖ జట్టు అంటే ఏమిటో కొంచెం చెప్పుకుందాం, ఎందుకంటే కథకి ఆయువుపట్టు అదే.

ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడితే డబ్బులు రావు. ఆడేవాడు పగలు పని చేసుకోవాలి, సాయంత్రం ఆడుకోవాలి. కూలి చేసుకునే ఇంటి పిల్లాడికి అది ఎన్నాళ్లు సాగుతుంది? పద్దెనిమిదేళ్లు రాగానే ఆట వదిలేస్తాడు. మన ఊళ్లలో ఇప్పటికీ జరిగేది ఇదే. బాగా ఆడే పిల్లాడు ఇంటర్ తప్పగానే విశాఖపట్నమో, చెన్నైయో, హైదరాబాదో బిల్డింగ్ పనికి పోతాడు. కాళ్లు అవే, సిమెంటు మోస్తాయి.

పోలీసు శాఖ ఏం చేసిందంటే, ఆటగాడికి ఉద్యోగం ఇచ్చింది. నెల జీతం, ఉండడానికి చోటు, రోజూ కలిసి సాధన చేసుకోడానికి సమయం. అంతే. వినడానికి చిన్న విషయం. కానీ రోజూ ఒకే పదకొండు మంది, ఒకే మైదానంలో, తిండి గురించి భయం లేకుండా ఆడితే ఏమవుతుందో హైదరాబాద్ చూపించింది. పక్కవాడు ఎటు పరిగెడతాడో కళ్లు మూసుకుని చెప్పగలిగేంతగా కలిసిపోయారు.

మాస్టారు

రెండో కారణం ఒక బడి మాస్టారు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, అక్కడి జట్టులో ఆడారు. తర్వాత హైదరాబాద్ బడుల్లో టీచరుగా పనిచేశారు. అందరూ ఆయన్ని రహీమ్ సాబ్ అనేవాళ్లు. ఆయన పోలీసు కాదు. 1950లో పోలీసు జట్టుకి శిక్షణ ఇచ్చే బాధ్యత తీసుకున్నారు. చనిపోయేదాకా, అంటే 1963 దాకా, ఆ బాధ్యత ఆయనదే.

ఆయన పద్ధతులు వింటే మనకి నవ్వొస్తుంది, తర్వాత ఆలోచన వస్తుంది. కుర్రాళ్లకి పోటీలు పెట్టేవారు. కొన్ని పోటీల్లో డ్రిబ్లింగ్ చేయకూడదు. అంటే బంతిని కాళ్లకి అంటించుకుని ఒక్కడే ముందుకి పోకూడదు, అందిన వెంటనే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇంకొన్ని పోటీల్లో అలవాటు లేని కాలితోనే ఆడాలి. కుడికాలివాడు ఎడమకాలితో తన్నాలన్నమాట.

ఎందుకు? మన గ్రౌండ్‌లో చూడండి. బాగా ఆడే గుంటడి దగ్గరికి బంతి పోతే ఇక వదలడు. నలుగుర్ని దాటేస్తాడు, ఐదోవాడి దగ్గర పోగొట్టుకుంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు, గోలు మాత్రం పడదు. రహీమ్ సాబ్ లెక్క వేరు. మనిషి కంటే బంతి వేగంగా పరిగెడుతుంది. కాబట్టి మనిషి కాదు, బంతి తిరగాలి. బలహీనమైన కాలిని కూడా పనికి తెస్తే ఎదుటివాడికి మనం ఎటు తిరుగుతామో తెలీదు. ఇందులో ఖర్చు ఏమీ లేదు. బంతి ఒకటే. మారింది ఆలోచన.

బొంబాయి, ఢిల్లీ

అప్పట్లో దేశంలో పెద్ద పేరున్న టోర్నమెంట్లలో రెండు రోవర్స్ కప్, డ్యూరాండ్ కప్. బొంబాయిలో జరిగే రోవర్స్ 1891లో మొదలైంది. డ్యూరాండ్ ఇంకా పాతది. 1888లో సిమ్లాలో మొదలైంది, ఆసియాలో అన్నిటికంటే పాత ఫుట్‌బాల్ టోర్నమెంటు. రెండూ బ్రిటిష్ సైన్యం జట్ల కోసం పుట్టినవే. దశాబ్దాల పాటు తెల్ల రెజిమెంట్లే వాటిని గెలుచుకునేవి. రోవర్స్‌ని 1937లో బెంగళూర్ ముస్లిమ్స్ గెలిచింది. డ్యూరాండ్‌ని 1940లో కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగ్ గెలిచింది. రెండు టోర్నమెంట్లలోనూ భారతీయ పౌరుల జట్టు గెలవడం అవే మొదటిసారి. ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధంతో డ్యూరాండ్ ఆగిపోయింది.

మళ్లీ మొదలైంది 1950లో, ఢిల్లీలో. స్వతంత్ర భారతదేశంలో జరిగిన మొదటి డ్యూరాండ్ అది. రాజు పేరున కాకుండా, గణతంత్ర దేశంలో ఆ కప్పు ఎవరి చేతికి వెళ్తుంది అన్నది అప్పుడు చిన్న విషయం కాదు.

ఆ ఏడాది హైదరాబాద్ సిటీ పోలీస్ రోవర్స్ కప్ గెలిచింది. డ్యూరాండ్‌లో కూడా ఫైనల్‌కి వచ్చింది. ఎదురుగా మోహన్ బగాన్. ఆ పేరుకి ఉన్న బరువు తెలియాలంటే 1911కి వెళ్లాలి. ఆ ఏడాది జులై 29న వట్టికాళ్లతో ఆడిన మోహన్ బగాన్, బూట్లేసుకున్న ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది. బెంగాల్ వాళ్లకి అది ఆట కాదు, స్వాతంత్ర్య పోరాటంలో ఒక అధ్యాయం. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అని దేశమంతా అనుకునే రోజులు.

ఫైనల్ డ్రా అయ్యింది. ఇప్పట్లాగ పెనాల్టీ షూటౌట్లు అప్పుడు లేవు, అవి 1970 తర్వాత వచ్చాయి. డ్రా అయితే మ్యాచ్ మొత్తం మళ్లీ ఆడాలి. అలసిన కాళ్లతో మళ్లీ దిగాలి. అక్కడే జట్టుగా సాధన చేసినవాళ్లకీ, విడివిడిగా గొప్పవాళ్లకీ తేడా తెలుస్తుంది. రెండో మ్యాచ్ హైదరాబాద్ పోలీస్ 1-0తో గెలిచింది. ఒకే గోలు. కప్పు దక్కనుకి వచ్చింది.

అక్కడితో ఆగలేదు. రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు గెలిచారు. డ్యూరాండ్‌ని మళ్లీ 1954లో, 1957లో గెలిచారు. 1961లో ఆంధ్ర పోలీస్ పేరుతో ఇంకోసారి గెలిచారు.

ఒక కాలమంతా ఎలా నడవాలో ఆ ఒక్క సీజన్ నిర్ణయించింది. రహీమ్ సాబ్ దేశం జట్టుకి కోచ్ అయ్యారు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ని 1-0తో ఓడించి బంగారు పతకం. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాం. చలిలో, మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతో ఆడారు. ఆ దెబ్బ తర్వాతే మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి చేశారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని వాళ్ల గడ్డ మీదే 4-2తో కొట్టి నాలుగో స్థానం. ఆంధ్రప్రదేశ్ పుట్టి సరిగ్గా నెల అయ్యింది అప్పటికి. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, తులసీదాస్ బలరామ్, ఇలా హైదరాబాద్ వాళ్లు చాలామంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి మళ్లీ బంగారం. అప్పటికే రహీమ్ సాబ్‌కి క్యాన్సర్. 1963 జూన్ 11న చనిపోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఆ తర్వాత ఇప్పటిదాకా బంగారం రాలేదు. ఆయన మీద 'మైదాన్' సినిమా వచ్చింది 2024లో. అరవై ఏళ్లు పట్టింది గుర్తు చేసుకోడానికి.

బలరామ్ బూట్లు

బలరామ్ గురించి నాలుగు మాటలు వేరుగా చెప్పాలి. 1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. తమిళం మాట్లాడే పేద ఇల్లు. బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు పారేసిన పాత బూట్ల తోలుతో, చెప్పులు కుట్టే ఆయన చేత బూట్లు చేయించుకున్నానని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. రహీమ్ సాబ్ కుర్రాడి ఆట చూసి సాధనకి రమ్మంటే, అంత దూరం రావడానికి డబ్బులు లేవన్నాడట. సైకిల్ అద్దెకి మాస్టారే డబ్బులిచ్చారు. ఆ సైకిల్ మీద వచ్చిన కుర్రాడు రెండు ఒలింపిక్స్ ఆడాడు, మెల్‌బోర్న్, రోమ్. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

ప్రతిభ ఎక్కడో దాక్కుని ఉండదు మిత్రులారా. అమ్ముగూడలోనూ ఉంది, మెళియాపుట్టి కొండ మీదా ఉంది. దానికీ మైదానానికీ మధ్య ఉండేది ఒక సైకిల్ అద్దె. ఆ అద్దె ఎవరు కడతారు అన్నదే ప్రశ్న.

ఇప్పుడు ఆ ప్రశ్న

పోలీసుల గురించి మనమెందుకు రాయాలి?

తేదీలు పక్కపక్కన పెట్టి చూద్దాం. పోలీసు జట్టు పుట్టింది 1939లో. 1940లో జోడేఘాట్ కొండల్లో నిజాం పోలీసుల కాల్పుల్లో కొమరం భీమ్ చనిపోయాడు. జల్, జంగల్, జమీన్ అన్నందుకు. నగరంలో బంతి ఆడినవాళ్లూ, అడవిలో తుపాకీ పేల్చినవాళ్లూ ఒకరే అని మేము అనడం లేదు. సిటీ పోలీస్ వేరు, ఆ దళాలు వేరు. కానీ ప్రభువు ఒకడే, ఖజానా ఒకటే. ఒక చేత్తో నగరం కుర్రాడికి బంతి ఇచ్చిన రాజ్యం, ఇంకో చేత్తో గోండు రైతుకి తూటా ఇచ్చింది. ఇది మర్చిపోయి ఆ కప్పులకి చప్పట్లు కొడితే మన చరిత్ర మనం చదవనట్టే.

ఇక్కడ మన కొండల సంగతి చెప్పనక్కర్లేదు. 1967 తర్వాత ఉద్యమం రోజులు, ఊళ్లలో క్యాంపులు, రాత్రుళ్లు తలుపు చప్పుళ్లు. 1970లో బోరి కొండల్లో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయేదాకా, ఆ తర్వాత కూడా. మన ముసలోళ్లకి ఖాకీ రంగు కనపడితే ఇప్పటికీ మాట తగ్గుతుంది. అది వాళ్ల శరీరంలో ఉన్న జ్ఞాపకం.

అదే ముసలోళ్ల మనవలు పొద్దున్నే కోటబొమ్మాళి గ్రౌండ్‌లో కానిస్టేబుల్ కోసం 1600 మీటర్లు పరిగెడుతున్నారు. ఇది తప్పని మేము అనం. ఇంట్లో ఒక్క ప్రభుత్వ ఉద్యోగం ఉంటే తమ్ముడు చదువుతాడు, చెల్లి చదువుతుంది. మాలోనే ఇద్దరం ఆ పరుగు తీశాం. ఒకడికి వచ్చింది, ఇంకొకడికి రాలేదు. ఉద్యోగం వచ్చినవాడు మొదటిసారి ఖాకీలో ఊరికొస్తే వాళ్ల తాత లోపలికి వెళ్లి కూచున్నాడు. కాసేపయ్యాక వచ్చి, "నువ్వేట్రా" అని బుగ్గ పట్టుకున్నాడు. ఆ రెండూ నిజమే. లోపలికి వెళ్లడమూ నిజమే, బయటికి రావడమూ నిజమే.

అందుకే ఈ కథ మనకి కావాలి అనిపించింది. రాజ్యం ఎవరికి ఏమిచ్చిందో లెక్క తెలిస్తేనే మనకి రావలసింది ఏమిటో అడగగలం. 1940లలో హైదరాబాద్ నగరం కుర్రాళ్లకి ఉద్యోగం, బంతి, మాస్టారు దొరికారు. అదే కాలంలో ఆదిలాబాద్ గోండులకి బడి పెట్టడానికి భీమ్ ప్రాణం పోవాల్సి వచ్చింది. ఆ తిరుగుబాటు తర్వాతే ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ని పంపింది, 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకి శిక్షణ మొదలైంది. నగరానికి ఆట ముందు వచ్చింది. మనకి అక్షరమే ఆలస్యంగా వచ్చింది, ఆట ఇంకా రావలసే ఉంది.

క్లబ్బులు ఎలా పుడతాయి

ఇంత చెప్పాక, "మన దగ్గర పోలీసు శాఖా లేదు, రహీమ్ సాబూ లేడు, ఏం చేస్తాం" అనొద్దు. ఇటలీ సంగతి చూడండి. ఇవాళ యువెంటస్ అంటే ప్రపంచమంతా తెలుసు. 1897లో టూరిన్‌లో కొందరు బడి పిల్లలు పెట్టుకున్న క్లబ్బు అది. మన హాస్టల్ గుంటల వయసువాళ్లే. 1898లో ఇటలీ మొదటి జాతీయ చాంపియన్‌షిప్ జరిగింది. నాలుగే జట్లు, ఒకటే రోజు, మే 8. పొద్దున మొదలై సాయంత్రానికి అయిపోయింది. జెనోవా గెలిచింది. మన సంక్రాంతి వాలీబాల్ టోర్నమెంటు అంతకంటే పెద్దది! మొదలెప్పుడూ అంతే ఉంటుంది. నిలబెట్టినవాళ్ల వల్ల చరిత్ర అవుతుంది.

మనవాళ్లు కూడా వస్తున్నారు. నిజామాబాద్ జిల్లాలో తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకి ఆడింది. క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌కి ఆడింది. తండా నుంచి జాగ్రెబ్‌కి. మన చెల్లెళ్లు గ్రౌండ్‌కి వస్తే "ఆడపిల్లకి బంతేటి" అనేవాళ్లకి ఈ పేరు చెప్పండి.

కాబట్టి మేము కొన్ని అనుకున్నాం. చర్చించండి.

ఒకటి. మనలో ఉద్యోగం ఉన్నవాళ్లు, పార్ట్ టైమ్ చేసేవాళ్లు తలా కొంచెం వేసుకుని కోటబొమ్మాళి గుంటలకి రెండు మంచి బంతులు కొందాం. పంపు కూడా, అది మర్చిపోతాం ఎప్పుడూ.

రెండు. కానిస్టేబుల్ సాధన చేసే అన్నలు పరుగు అయ్యాక అరగంట పిల్లలతో ఆడాలి. రహీమ్ సాబ్ పద్ధతిలో, ఆదివారం డ్రిబ్లింగ్ లేని ఆట, ఇంకో ఆదివారం ఎడమకాలి ఆట. నవ్వులాటగా ఉంటుంది, నేర్చుకుంటారు కూడా. ఆడపిల్లలకి వేరే టైమ్ కాదు, అదే టైమ్.

మూడు. ఈ దసరాకి ఊరెళ్లినప్పుడు మీ తాతల్ని, అవ్వల్ని అడగండి. వాళ్ల చిన్నప్పుడు ఏం ఆడేవాళ్లు, ఎక్కడ ఆడేవాళ్లు, ఎవరు బాగా ఆడేవాళ్లు. పోలీసులొచ్చిన రోజుల గురించి వాళ్లు చెప్తే అది కూడా వినండి, ఆపొద్దు. రాసి ఇక్కడ పెట్టండి. హైదరాబాద్ జట్టు కప్పులు రికార్డుల్లో ఉన్నాయి కాబట్టి ఇవాళ మనం చదవగలిగాం. 1950లో సీతంపేట కొండల మీద ఏం ఆడేవాళ్లో ఏ రికార్డులోనూ లేదు. చెప్పగలిగినవాళ్లు ఇంకా కొద్దిమందే ఉన్నారు.

ఇక నుంచి పొద్దున్నే గ్రౌండ్‌లో బంతి మన దారిలోకి వస్తే తిట్టొద్దు. ఎడమకాలితో వెనక్కి తన్నండి.

జోహార్ కొమరం భీమ్! జోహార్ జైపాల్ సింగ్ ముండా!